పాత మారుతి 800కి బ్రేక్ పైపులు మార్చడం ఎలా?

బ్రేక్ ఆయిల్ తగ్గిందంటే చాలామంది కొంచెం పోయించుకుని వెళ్లిపోతారు. ప్యాడ్లు అరిగినప్పుడు కూడా మట్టం కాస్త దిగుతుంది, నిజమే. కానీ నెలనెలా తగ్గుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే. చివరి 800 ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది 2014 జనవరిలో. అంటే మీ బండి కింద ఉన్నవి ఇంకా కంపెనీ పైపులే అయితే, ఎంత కొత్త బండి అయినా వాటికి పదేళ్లు దాటాయి. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో ఉప్పుగాలికి తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. క్లిప్పుల కింద మట్టి చేరి తడి నిలిచేచోట పైపును తుప్పు ముందు తినేస్తుంది. క్లిప్పు తీసి, మట్టి గీకి, వేలితో తడిమి చూడండి. పొక్కులు తగిలితే మార్చాల్సిందే.

మార్చేటప్పుడు అన్నీ మార్చాలి. కారే ఒక్కదాన్ని మార్చి వదిలేస్తే, మిగతావి కూడా అదే వయసువని మర్చిపోయినట్టు. చక్రాల దగ్గరుండే రబ్బరు హోస్ పైపులూ ఇందులోకే వస్తాయి. పాత హోస్ పైకి బాగానే కనిపిస్తుంది, లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది. అప్పుడు పెడల్ వదిలినా చక్రం పట్టేసి ఉంటుంది. దానికి కాలిపర్ (చక్రం దగ్గర ప్యాడ్లను నొక్కే భాగం) మార్చేసిన వాళ్లను చూశాను.

సామాన్లు: 4.75 ఎం.ఎం. పైపు, కొత్త నట్లు, 10 నంబరు ఫ్లేర్ నట్ పానా (నట్టును దాదాపు చుట్టూ పట్టుకునేది), పైపు కట్టర్, డబుల్ ఫ్లేర్ సెట్టు (పైపు కొసను రెండు మడతలుగా విచ్చే పరికరం), జాకీ, రెండు గట్టి స్టాండ్లు, సీలు విప్పని డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ డబ్బా. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరొద్దు. పైపు విషయంలో నా మాట ఒకటే: దొరికితే కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిపిన లోహం), లేదంటే స్టీలు. ఫ్రిజ్ రిపేరుకు వాడే ఉత్త రాగి పైపు చవక, చేత్తో వంగుతుంది, అందుకే చాలామంది వేసేస్తారు. బండి అదురుకి రాగి గట్టిపడి, కొన్నాళ్లకు పగులుతుంది. నట్ల మర కూడా చూసుకోండి. 800లో 10 ఎం.ఎం. మర, 1 ఎం.ఎం. పిచ్ (మర చుట్ల మధ్య దూరం). నట్టు చేత్తోనే రెండు మూడు చుట్లు సాఫీగా తిరగాలి, తిరగకపోతే అది వేరే నట్టు.

పాత నట్లకు ముందురోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి. మామూలు డబుల్ ఎండ్ పానా పెడితే నట్టు మూలలు అరిగి గుండ్రమైపోతుంది, ఆ తర్వాత గ్రిప్ ప్లయర్‌తో కుస్తీ. ఎలాగూ పారేసే పైపే కాబట్టి, మొండికేసిన నట్టు పక్కనే పైపును కోసేసి, ఆరు మూలల సాకెట్ తగిలించి విప్పండి. పాత పైపును వీలైనంత వరకు వంకర పోకుండా తీసి నేల మీద పరచండి. కొత్తదానికి అదే కొలత, అదే వంపు. మరీ బిగుతుగా వంచితే పైపు నలిగిపోతుంది, గుండ్రటి డబ్బా ఏదైనా ఆనించి వంచండి.

ఇప్పుడు అసలు పని, ఫ్లేర్. బ్రేకు పైపు కొసను రెండు మడతలుగా వేయాలి. ఏసీ మెకానిక్ దగ్గరుండే సెట్టుతో వేసేది ఒక్క మడత. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు ఈ పైపుల్లో వెయ్యి పీఎస్ఐ పైనే ఒత్తిడి వస్తుంది. ఒంటి మడత ఆ పోటుకు తట్టుకోదు, కొస దగ్గర చీలుతుంది. మధ్యలో కోసి కంప్రెషన్ జాయింట్ వేస్తామన్నా ఒప్పుకోవద్దు. అది నీళ్ల పైపులకు పనికొచ్చే సరుకు.

పైపును హ్యాక్సా బ్లేడుతో కోయొద్దు. కోత ఏటవాలుగా వస్తుంది, రజను లోపలికి పోతుంది. కట్టర్ పెట్టి, కొంచెం కొంచెం బిగిస్తూ తిప్పండి. తెగాక లోపలి అంచు గీకి, బయటి అంచును సన్నగా ఆకురాయి పట్టి, పైపులోకి గాలి కొట్టండి. తర్వాత నట్టు ఎక్కించండి. రెండు వైపులా ఎక్కించారా, మర ఉన్న వైపు కొస దిక్కుకు ఉందా, రెండుసార్లు చూడండి. ఫ్లేర్ వేశాక నట్టు ఎక్కదు.

పైపును బారులో (సెట్టులో పైపును పట్టి ఉంచే రంధ్రాల పట్టీలో) బిగించేటప్పుడు ఎంత ఎత్తు పైకి ఉంచాలన్నదే అందరూ తప్పే చోటు. సెట్టులో 4.75కి ఉన్న బిళ్ల తీసి పక్కన ఆనించండి. బిళ్ల అంచు మందం ఎంతో, పైపు అంతే ఎత్తు ఉండాలి. ఎక్కువైతే మడత ఒక పక్కకు ఒరుగుతుంది, తక్కువైతే రెండో మడతకు లోహం చాలదు. రెండు బోల్టులూ సమానంగా బిగించండి, వదులైతే పైపు జారుతుంది. కొసకు ఒక చుక్క బ్రేక్ ఆయిల్ రాసి, బిళ్ల బోర్లించి, స్క్రూ నెమ్మదిగా దించండి. బిళ్ల బారుకు ఆనాక ఆపి, స్క్రూ విప్పి చూడండి. కొస పుట్టగొడుగులా లోపలికి ముడుచుకుని ఉండాలి. ఇప్పుడు బిళ్ల తీసేసి, స్క్రూ కొసనున్న ఉత్త కోనుతో మళ్లీ దించండి. మడత చక్కగా కూర్చుంటే చాలు. ఇంకొంచెం, ఇంకొంచెం అని బిగిస్తే అంచు పలచబడి చీలుతుంది.

వెలుతురులో తిప్పి చూడండి. చుట్టూ ఒకే వెడల్పు ఉండాలి, వెంట్రుక మందం చీలిక కూడా ఉండకూడదు. అనుమానం వస్తే కోసేసి మళ్లీ వేయండి. అందుకే పైపు రెండు అడుగులు ఎక్కువ కొనుక్కోవాలి, ముందు పారేసే ముక్కల మీద చెయ్యి తిరగాలి. మూడు ముక్కలు వరుసగా బాగా వచ్చేదాకా అసలు పైపు ముట్టొద్దు. సరిగా రాని ఫ్లేర్‌ను నట్టు బిగించి సర్దలేం, టెఫ్లాన్ టేపు చుట్టి అసలే సర్దలేం. సీలయ్యేది మర దగ్గర కాదు, కొస దగ్గర.

బిగింపు తేలికే. అన్ని నట్లూ చేత్తో ఎక్కించాకే పానా పట్టండి. పైపు పాత క్లిప్పుల్లోనే వెళ్లాలి, సైలెన్సర్‌కు దూరంగా ఉండాలి. హోస్ మెలిపడకుండా బిగించి, స్టీరింగ్ రెండు పక్కలా చివరిదాకా తిప్పి చూడండి. బాంజో బోల్టు (మధ్యలో ఆయిల్ పోయే బొక్క ఉన్న బోల్టు) ఉన్నచోట రాగి వాషర్లు కొత్తవే వేయండి.

పైపుల్లో చేరిన ఎయిర్ తీయడానికి ఇద్దరు కావాలి. మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టేది) దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టండి. నిపుల్‌కు (చక్రం దగ్గర గాలి వదిలే చిన్న బోల్టుకు) గొట్టం తగిలించి, రెండో కొస ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. "తొక్కన్నా" అంటే తొక్కాలి, "పట్టుకో" అంటే కాలు కదపకూడదు. నిపుల్ విప్పి, బుడగలు పోయాక బిగించి, అప్పుడే "వదులు" అనాలి. ముందే కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికే. మాస్టర్ డబ్బా ఖాళీ అవకుండా చూసుకోండి. ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి. పెట్రోలు, కిరోసిన్, ఇంజిన్ ఆయిల్ చుక్క కూడా ఈ పైపుల్లోకి పోకూడదు, రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి.

పెడల్ గట్టిపడ్డాక ఒక నిమిషం బలమంతా పెట్టి తొక్కి ఉంచమనండి. మీరు ప్రతి జాయింటునూ పొడి కాగితంతో తుడవండి. తడి తగిలినా, పెడల్ నెమ్మదిగా దిగుతున్నా బండి కదపొద్దు. అంతా బాగుంటే హ్యాండ్ బ్రేకు పనిచేస్తోందని చూసుకుని, ఖాళీ మైదానంలో నడక వేగంతో మొదలుపెట్టండి. బండి కింద తుప్పు పట్టకుండా కొట్టే అండర్ కోటింగ్ మాత్రం వారం దాకా కొట్టించొద్దు. ఆ నల్లరంగు కింద చిన్న కారుడు కనపడదు, ఈ వారంలో జాయింట్లు ఇంకోసారి తుడిచి చూడాలి.