ముక్కు దిబ్బడ, సైనస్ తలనొప్పి తగ్గట్లేదా? ముందు ఆ చుక్కల సీసా మీద పేరు చదవండి

ఆవిరి పట్టడం, వేడివేడిగా ఏదైనా తాగడం, నొప్పి భరించలేకపోతే పారాసెటమాల్ వేసుకోవడం మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇవన్నీ చేశాక కూడా ముక్కు తెరుచుకోని వాళ్ల కోసమే ఇది. మందుల కౌంటర్ వెనక నిలబడే మాకు ఈ ఫిర్యాదు జలుబుల కాలంలోనే కాదు, ఏడాది పొడుగునా వినిపిస్తుంది. వచ్చినవాళ్లు ఇంకా గట్టి మందు అడుగుతారు. ఇప్పటికే ముక్కులో ఏం వేస్తున్నారో, ఎన్నాళ్ల నుంచి వేస్తున్నారో మాత్రం చూసుకోరు. చూసుకోవడానికి అర నిమిషం చాలు.

జలుబు పట్టి వారం కాలేదు. ముఖమంతా బరువు, ముక్కు బిగుసుకుపోయింది

ఇది మామూలు వైరస్ జలుబే. చెంపల వెనక, నుదుటి ఎముకలో, కళ్ల మధ్య, ఇంకాస్త లోపల మొత్తం నాలుగు జతల గాలి గదులుంటాయి. సైనస్‌లంటే అవే. వాటి నుంచి ముక్కులోకి వచ్చే దారులు చాలా సన్నగా ఉంటాయి. జలుబుకి ముక్కు లోపలి పొర వాస్తే ఆ దారులు మూసుకుపోతాయి, లోపల ఊరిన ద్రవం బయటికి రాలేక బరువుగా, నొప్పిగా ఉంటుంది. ఏడు నుంచి పది రోజుల్లో చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది.

చీమిడి పచ్చగా మారిందని యాంటీబయాటిక్ అడగకండి. వైరస్ జలుబులోనూ రంగు మారుతుంది, రంగు చూసి బ్యాక్టీరియా అని తేల్చలేం. పది రోజులైనా ఏమాత్రం తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి. తగ్గుతూ తగ్గుతూ మళ్లీ ఒక్కసారిగా ఎక్కువైనా, 39 డిగ్రీల సెల్సియస్ పైన జ్వరం, చిక్కటి చీమిడి మూడు నాలుగు రోజులు వదలకపోయినా అంతే.

చీదడం కూడా చాలామందికి సరిగ్గా రాదు. రెండు పక్కలా ఒకేసారి బలం పెట్టి చీదితే చీమిడి సైనస్‌లలోకి ఎదురు వెళ్తుంది. ఒక పక్క వేలితో మూసి, రెండో పక్క మెల్లగా చీదండి. ఆవిరి కాసేపు హాయినిస్తుంది, అంతకు మించి ఆశించకండి. చిన్నపిల్లల్ని మాత్రం మరిగే నీళ్ల గిన్నె ముందు కూర్చోబెట్టొద్దు, గిన్నె ఒలికి ఒళ్లు కాలే ప్రమాదం ఉంది. మెంథాల్ వాసన పీలిస్తే ముక్కు తెరుచుకున్నట్టే ఉంటుంది గానీ అది చల్లదనాన్ని పసిగట్టే నరాలను తట్టి లేపడం వల్ల కలిగే భావన. వాపు అలాగే ఉంటుంది.

ఉప్పునీళ్లతో కడిగితే మంట పుడుతోంది

ఉప్పు పాళ్లు తప్పాయి, లేదా వట్టి నీళ్లు పోశారు. దాదాపు 240 మిల్లీలీటర్ల నీళ్లకు పావు చెంచా నుంచి అర చెంచా మధ్య ఉప్పు, చిటికెడు వంటసోడా సరిపోతాయి. చెంచా అంటే 5 మిల్లీలీటర్ల టీస్పూన్. అయోడిన్ కలపని ఉప్పయితే ఇంకా మేలు. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. డిస్టిల్డ్ వాటర్ కానీ, కనీసం ఒక నిమిషం తెర్లేలా మరిగించి చల్లార్చిన నీళ్లు కానీ వాడాలి. కుళాయి నీళ్లు నేరుగా పోయకండి. నీగ్లేరియా ఫౌలెరి అనే అమీబా నీళ్లతోపాటు కడుపులోకి వెళ్తే ఏమీ చేయదు, ముక్కులోంచి వెళ్తే మెదడుకు చేరగలదు. చాలా అరుదు, కానీ వస్తే బతికేవాళ్లు బహు తక్కువ. మరిగించడానికి బద్ధకిస్తే అసలు కడగకపోవడమే మంచిది.

జలుబు పోయి వారాలైంది, ముక్కు మాత్రం తెరుచుకోదు. చుక్కలు వేస్తే నిమిషాల్లో తెరుచుకుంటుంది, కొన్ని గంటలకే మళ్లీ మూతపడుతుంది

అసలు సంగతి ఇది. దొంగ ఇంట్లోనే ఉంటాడు, తలుపులన్నీ వెతికినా దొరకడు.

“మందులేమైనా వాడుతున్నారా అండీ?” అని అడిగితే “లేదండీ” అంటారు. ముక్కు చుక్కలు వాళ్ల లెక్కలో మందు కాదు. కాస్త గుచ్చి అడిగితే చొక్కా జేబులోంచో, హ్యాండ్‌బ్యాగ్‌లోంచో చిన్న సీసా బయటికొస్తుంది. వేళ్ల రాపిడికి లేబుల్ మీద అక్షరాలు సగం చెరిగిపోయి ఉంటాయి. చిట్టచివరి చుక్క దాకా పిండినట్టు సీసా పక్కలు లోపలికి నొక్కుకుపోయి ఉంటాయి. “ఇదా? రోజంతా కాదండీ, రాత్రి పడుకునేటప్పుడు మాత్రమే. లేకపోతే నిద్ర పట్టదు.” ఎన్నాళ్ల నుంచి అంటే, “పోయిన చలికాలంలో జలుబు చేసినప్పటి నుంచి.”

చూడాల్సింది బ్రాండ్ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు. అది జోలిన్ అని ముగిస్తే, అంటే ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్, నాఫాజోలిన్ లాంటిదైతే, వాడటం మొదలుపెట్టి వారం దాటితే, ఇంకో కారణం వెతికే ముందు దీన్నే అనుమానించండి.

ఈ మందులు ముక్కు లోపలి రక్తనాళాలను బిగించి సన్నబరుస్తాయి. రక్తం తగ్గగానే వాచిన పొర కుదించుకుపోతుంది, గాలి ఆడుతుంది. అందుకే అంత త్వరగా పనిచేస్తాయి. రోజుల తరబడి వాడితే ఆ రక్తనాళాలు మందుకు అలవాటుపడతాయి. మందు దిగిపోగానే ముందుకంటే ఎక్కువ ఉబ్బుతాయి. ముక్కు పక్క గోడలకుండే టర్బినేట్లు అనే మడతలు రక్తంతో నిండి దారి మొత్తం ఆక్రమిస్తాయి. మొదట్లో రాత్రంతా పనిచేసిన చుక్క కొన్నాళ్లకి మూడు నాలుగు గంటలకే చేతులెత్తేస్తుంది. మళ్లీ వేస్తారు. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేసినట్టు ఉంటుంది యవ్వారం. అసలు జలుబు ఎప్పుడో పోయింది, ఇప్పుడు ముక్కును మూస్తున్నది ఆ చుక్కే.

ఇది పట్టుబడకపోవడానికి కారణం చుక్క నిజంగానే పనిచేయడం. వేసిన ప్రతిసారీ హాయిగా ఉంటే దాన్ని ఎవరు అనుమానిస్తారు? ముక్కు మూసుకున్నప్పుడు తలంతా బరువుగా ఉంటుంది, రాత్రి నోటితో ఊపిరి పీల్చి పొద్దున గొంతు ఎండిపోతుంది, నిద్ర చాలక తలనొప్పి. ఆ మొత్తానికి “నాకు క్రానిక్ సైనస్ ఉంది” అని పేరు పడిపోతుంది. స్కాన్‌లు, యాంటీబయాటిక్ కోర్సులు అయిపోతాయి, సీసా మాత్రం దిండు కిందే ఉంటుంది.

వాడాల్సి వస్తే మూడు రోజులు, మహా అయితే ఐదు. కొన్ని లేబుళ్ల మీద ఏడు అని ఉంటుంది, నేనైతే మూడు దగ్గరే ఆపమంటాను. తెరిచిన రోజు తారీఖు సీసా మీద పెన్నుతో రాయండి. రాత్రి మాత్రమే వేస్తున్నాను కాబట్టి ఫర్వాలేదు అనేది కుదరదు. రాత్రికి ఒక్కసారే అయినా రోజూ వాడినట్టే లెక్క.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ఆపడమే పరిష్కారం. కానీ వట్టినే ఆపితే మొదటి మూడు నాలుగు రాత్రులు నరకం. అక్కడే చాలామంది ఓడిపోయి మళ్లీ సీసా అందుకుంటారు. అందుకని ఆపడానికి ముందే డాక్టర్‌ని అడిగి ముక్కులో వాడే స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టాలి. ఫ్లూటికాసోన్, మోమెటాసోన్, బ్యూడెసోనైడ్ ఈ కోవకు చెందినవి. స్టెరాయిడ్ అనగానే టెన్షన్ పడతారు గానీ ఈ మోతాదులో ఒంట్లోకి చేరేది చాలా తక్కువ. వీటికి జోలిన్‌లకు పొంతనే లేదు, అలవాటుపడే గుణం వీటికి లేదు. ఇవి నిమిషాల్లో పనిచేయవు, పూర్తి ఫలితం కనిపించడానికి వారం రెండు వారాలు పడుతుంది. రెండు రోజులు వాడి “ఇది దండగ” అని పడేసినవాళ్లే ఎక్కువ.

స్ప్రే కొట్టే తీరు కూడా చెప్పాలి. తల వెనక్కి వంచి కొడితే గొంతులోకి జారిపోతుంది. తల కొంచెం ముందుకు వంచి, కుడి పక్కకు ఎడమ చేత్తో, ఎడమ పక్కకు కుడి చేత్తో పట్టుకోండి. కొనను మధ్య గోడ వైపు కాకుండా చెవి వైపు తిప్పి కొట్టండి. మధ్య గోడకు రోజూ తగిలితే రక్తం కారుతుంది. కొట్టాక మెల్లగా పీల్చండి, గట్టిగా పీలిస్తే మందు మళ్లీ గొంతులోకే. ఉప్పునీళ్లతో కడిగే అలవాటుంటే ముందు కడిగి, కాసేపాగి స్ప్రే వాడండి. వరస తిరగేస్తే కొట్టిన మందంతా కడుక్కుపోతుంది.

ఒక్కసారిగా ఆపలేనివాళ్లకి ఇంకో దారి ఉంది. ఒక పక్క చుక్కలు పూర్తిగా మానేసి, రెండో పక్క మాత్రం వేసుకోండి. కనీసం ఒక ముక్కుతో ఊపిరి ఆడుతుంది, నిద్ర పడుతుంది. మానేసిన పక్క వారం పది రోజుల్లో తెరుచుకున్నాక రెండోదీ మానేయండి. తలకింద ఇంకో దిండు పెట్టుకుని పడుకుంటే దిబ్బడ కాస్త తగ్గుతుంది. చాలామందికి ఒకటి రెండు వారాల్లో ముక్కు మామూలవుతుంది, ఏళ్ల తరబడి వాడినవాళ్లకి ఇంకాస్త ఎక్కువ పట్టొచ్చు. బ్రాండ్ మార్చి చూడటం, నీళ్లు కలిపి వాడటం, పిల్లల డోసుకు దిగడం అందరూ మొదట ప్రయత్నించేవే. మందు అదే ఉన్నంత కాలం వాపూ ఉంటుంది.

ఆపాక ఒక పక్క మూసుకుని, కొన్ని గంటలకు రెండో పక్కకు మారుతుంటే భయపడకండి. ఆరోగ్యంగా ఉన్న ముక్కు కూడా అలాగే వంతులు మారుతుంది. ఇన్నాళ్లూ చుక్కలు దాన్ని కప్పేశాయి.

ముక్కు పెద్దగా మూసుకోలేదు. నుదుటి మీద, కళ్ల చుట్టూ మాత్రం నొప్పి వస్తూ పోతూ ఉంటుంది

ఎక్కువసార్లు ఇది సైనస్ కాదు, మైగ్రేన్. ఊరికే అంటున్న మాట కాదు. 2004లో అమెరికాలో తమకు సైనస్ తలనొప్పి ఉందనుకునే సుమారు 3 వేల మందిని పరీక్షిస్తే 88 శాతం మందిది మైగ్రేన్ తరహా నొప్పే అని తేలింది. మైగ్రేన్‌లో రేగే నరమే ముఖానికీ ముక్కుకీ వెళ్తుంది. అందుకే కళ్లలో నీళ్లు, ముక్కు దిబ్బడ, నీళ్లలాంటి కారుడు అప్పుడూ ఉండొచ్చు. ముందుకు వంగితే నొప్పి ఎక్కువైతే సైనసే అనే పాత పరీక్ష కూడా ఇక్కడ పనికిరాదు, మైగ్రేన్ నొప్పి కూడా వంగితే ఎక్కువవుతుంది.

నొప్పి వచ్చినప్పుడు కడుపులో తిప్పుతోందా? వెలుతురు చూడలేకపోతున్నారా? పని ఆపి పడుకోవాల్సి వస్తోందా? మూడింటిలో రెండింటికి అవునంటే, చిక్కటి చీమిడి, జ్వరం, వాసన తెలియకపోవడం లేకపోతే, సైనస్ మందులు పక్కన పెట్టి మైగ్రేన్ కోసం డాక్టర్‌ని కలవండి. నొప్పి మాత్ర మొదట్లోనే వేసుకుని చీకటి గదిలో పడుకోవడం ఇంటి దగ్గర చేయగలిగిన పని. నెలలో 15 రోజులు, అంతకంటే ఎక్కువ నొప్పి మాత్రలు మింగితే ఆ మాత్రలే రోజూ తలనొప్పి తెప్పిస్తాయి. రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే 10 రోజులకే.

జలుబు మాత్రల గురించి రెండు ముక్కలు. చాలావాటిలో పారాసెటమాల్ ముందే కలిపి ఉంటుంది, విడిగా ఇంకోటి వేసుకుంటే మోతాదు దాటుతుంది. ఫినైల్‌ఎఫ్రిన్ ఉన్న మాత్రలు ముక్కు దిబ్బడకి పనిచేయవని 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. సూడోఎఫెడ్రిన్ పనిచేస్తుంది గానీ బీపీ పెంచుతుంది. తుమ్ములు, దురద ఉంటేనే అలర్జీ మాత్రతో లాభం.

మిగతావి

ఎప్పుడూ ఒకే పక్క మూసుకుంటే ముక్కుదూలం వంకరేమో చూపించుకోండి. వాసన తెలియడం మానేస్తే పాలిప్స్, అంటే ముక్కు లోపల పెరిగే మెత్తటి కండలు, కావచ్చు. ఒక చెంపలోనే నొప్పి, చెడు వాసనతో చీమిడి వస్తే పై దవడ పళ్లు చూపించండి. చిన్నపిల్లలకి ఒక పక్క నుంచే కంపు కొట్టే చీమిడి వస్తుంటే పూసో గింజో ముక్కులో దూర్చుకుని ఉంటారు. గర్భంతో ఉన్నప్పుడు వచ్చే దిబ్బడ కాన్పయ్యాక పోతుంది. వీటి గురించి ఇంతకంటే తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు.

కంటి చుట్టూ వాపు లేదా ఎరుపు, ఒకటి రెండుగా కనిపించడం, మెడ బిగుసుకుపోవడం, నుదుటి మీద ఉబ్బు, మగత, ఒక్కసారిగా విరుచుకుపడిన భయంకరమైన తలనొప్పి, వీటిలో ఏది కనిపించినా ఇంటి చిట్కాలు ఆపి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. షుగర్ అదుపులో లేనివాళ్లకి, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లకి ముఖంలో ఒక పక్క నొప్పి, తిమ్మిరి, ముక్కు నుంచి నల్లటి స్రావం కనిపిస్తే తెల్లారేదాకా కూడా ఆగొద్దు.