ఫోన్ పోయినా నష్టం ఫోన్‌తోనే ఆగాలంటే ఏం చేయాలి?

ఒకసారి బస్సు దిగి జేబు తడుముకుంటే ఫోన్ లేదు. పక్కనున్న స్నేహితుడి ఫోన్ తీసుకుని, నా గూగుల్ అకౌంట్‌లో అదెక్కడుందో చూద్దామని పాస్‌వర్డ్ కొట్టాను. 'మీ ఫోన్‌కి కోడ్ పంపాం, ఎంటర్ చేయండి' అని వచ్చింది. పోయిందే ఆ ఫోన్! చివరికి బ్యాగు అడుగున, మడిచిన గొడుగు లోపల దొరికింది కాబట్టి ఇప్పుడు నవ్వొస్తోంది గానీ, ఆ పావుగంట టెన్షన్ మాత్రం మామూలుగా లేదు.

అందుకే మొదటి పనికి ఒక కాగితం, పెన్ను చాలు. ఫోన్‌లో *#06# డయల్ చేస్తే 15 అంకెల ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్‌కే ప్రత్యేకమైన గుర్తింపు నంబరు కనిపిస్తుంది. రెండు సిమ్‌ల ఫోనైతే రెండు నంబర్లుంటాయి, రెండూ రాసుకోండి. గూగుల్ అకౌంట్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత మరో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకున్నవాళ్లు సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో బ్యాకప్ కోడ్స్ కూడా తీసుకోవాలి. ఒకేసారి పది ఇస్తారు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. నాలాగా ఇరుక్కున్నప్పుడు ఆదుకునేవి అవే. సిమ్ కంపెనీ హెల్ప్‌లైన్ నంబరు కూడా కింద రాసి, కాగితం ఇంట్లో దాచండి. దాన్ని ఫొటో తీసి అదే ఫోన్‌లో పెట్టుకుంటే, తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టే.

తర్వాత స్క్రీన్ లాక్. నాలుగంకెల పిన్‌కి పదివేల కలయికలే ఉంటాయి, ఆరంకెలైతే పది లక్షలు. ప్యాటర్న్ నాకు నచ్చదు. వేలి జిడ్డు గీత అద్దం మీద అలాగే ఉండిపోతుంది, వెలుతురుకి కాస్త వంచి చూస్తే ఎవరికైనా కనిపిస్తుంది. ఎంత గట్టి పిన్ పెట్టినా, వెనక నిలబడి చూసేవాడుంటే ఏం లాభం? ఐఫోన్‌లో దీనికో మందుంది. 2024 జనవరిలో ఐఓఎస్ 17.3తో వచ్చిన 'స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్' ఆన్ చేస్తే, మీరు రోజూ ఉండే చోట్లకు దూరంగా ఉన్నప్పుడు ఆపిల్ అకౌంట్ పాస్‌వర్డ్ మార్చడానికి పిన్ ఒక్కటే సరిపోదు. ముఖమో వేలో చూపించాలి, గంట ఆగాలి, మళ్లీ చూపించాలి. ఆండ్రాయిడ్ వాళ్లు సెట్టింగ్స్‌లో 'థెఫ్ట్ ప్రొటెక్షన్' అని వెతకండి. చేతిలోంచి లాక్కుని పరిగెత్తినట్టు అనిపిస్తే ఫోన్ తనంతట తానే లాకైపోతుంది.

ఇంతవరకు చాలామంది చేస్తారు. వదిలేసేది సిమ్‌ని. దొంగ మీ ఫోన్ తెరవలేకపోయినా సిమ్ ఊడదీసి తన ఫోన్‌లో వేసుకుంటాడు. ఇక మీ ఓటీపీలన్నీ అతనికే. దీన్ని ఆపేది సిమ్ లాక్. సెట్టింగ్స్‌లో అదే పేరుతో వెతికి ఆన్ చేస్తే, సిమ్‌ని ఏ ఫోన్‌లో పెట్టినా ముందు పిన్ అడుగుతుంది. ఆన్ చేసేటప్పుడు పాత పిన్ ఇవ్వమంటుంది. అది మీ సిమ్ కంపెనీ పెట్టిన పిన్, వాళ్లనే అడిగి తెలుసుకోండి. ఊహించి కొట్టొద్దు. మూడుసార్లు తప్పితే సిమ్ ఆగిపోయి, దాన్ని మళ్లీ తెరిచే పీయూకే కోడ్ అడుగుతుంది. అది కూడా పదిసార్లు తప్పు కొడితే ఆ సిమ్ ఇక పనికిరాదు. పాత పిన్ ఇచ్చాక మీకు గుర్తుండేది పెట్టుకోండి. ఈ-సిమ్ (ఫోన్ లోపలే ఉండే సిమ్) అయితే ఊడదీసే అవకాశమే లేదు.

లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌ల సారాంశం కనిపించకుండా కూడా ఆపేయండి. లేకపోతే లాక్ తీయకుండానే ఓటీపీ చదివేస్తారు.

ఇక వెతికే ఏర్పాటు. ఆండ్రాయిడ్‌లో 'ఫైండ్ హబ్', ఐఫోన్‌లో 'ఫైండ్ మై' ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. చూసి ఊరుకోకుండా, ఇవాళే ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి వాటి ద్వారానే మీ ఫోన్‌ని ఒకసారి మోగించి చూడండి. సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది. ఎక్కడైనా ఇరుక్కుంటే ఇలా కంగారు లేనప్పుడే తెలుస్తుంది.

నిజంగా పోతే వరస ముఖ్యం. ముందు మోగించండి, దొరక్కపోతే వెంటనే వేరే ఫోన్ నుంచి లాక్ చేయండి. ఆ తర్వాతే సిమ్ బ్లాక్ చేయించండి. ముందే సిమ్ ఆపేస్తే ఫోన్‌కి నెట్ పోయి, లాక్ ఆదేశం చేరకపోవచ్చు. అలాగని గంటలు ఆగొద్దు, ఇది నిమిషాల పని. తర్వాత బ్యాంకుకి ఫోన్, ఐఎంఈఐ నంబరుతో పోలీసులకు ఫిర్యాదు. మ్యాప్‌లో ఏదో ఇల్లు కనిపించిందని మీరే వెళ్లకండి, ఆ లొకేషన్ పోలీసులకివ్వండి. డేటా చెరిపేయడం ఆఖరు మెట్టు. ఆండ్రాయిడ్‌లో చెరిపేశాక ఆ ఫోన్ ఎక్కడుందో ఇక కనిపించదు.

కొన్నాళ్లకి 'మీ ఫోన్ దొరికింది, ఈ లింక్‌లో లాగిన్ అవ్వండి' అని మెసేజ్ రావచ్చు. నొక్కకండి. 2013లో ఐఫోన్‌కి వచ్చిన యాక్టివేషన్ లాక్ వల్ల ఫోన్‌ని చెరిపినా పాత యజమాని పాస్‌వర్డ్ లేకుండా వాడుకోలేరు, 2015 నుంచి ఆండ్రాయిడ్‌లోనూ అలాంటి రక్షణ ఉంది. ఆ పాస్‌వర్డ్ కోసమే ఈ మెసేజ్‌లు. కొత్త ఫోన్ కొన్నాక కూడా పోయినదాన్ని మీ అకౌంట్‌లోని డివైస్‌ల జాబితా నుంచి తీసేయకండి. ఐఫోన్ అయితే, తీసేసిన మరుక్షణం ఆ లాక్ ఊడిపోతుంది.