కండలేరు ఉప్పుటేటిలో చిన్న పడవ: మోటారు ఎప్పుడు, తెడ్లు ఎప్పుడు?

నెల్లూరు జిల్లా కృష్ణపట్నం వద్ద సముద్రంలో కలిసే కండలేరు ఉప్పుటేటిలో నీరు రోజుకు రెండుసార్లు పోటుకు లోపలికి, రెండుసార్లు పాటుకు బయటికి నడుస్తుంది కనుక, పడవ ఎక్కేముందు ఆనాటి పోటుపాట్ల వేళలు తెలుసుకోవాలి. నీటి నడక వెంట వెళ్లేటప్పుడు తెడ్లే చాలు. దానికి ఎదురు వెళ్లక తప్పనప్పుడే మోటారు అవసరం. ఓడరేవుకు వచ్చిపోయే ఓడల దారిలోకి మాత్రం ఏ విధంగానూ వెళ్లకూడదు.

మోటారు బిగించే ముందు, ఇంజను నుంచి కిందికి నీటిలోకి దిగే దాని కాడ పొడవు చూడండి. పడవ వెనుక పలక ఎత్తు సుమారు 15 అంగుళాలైతే పొట్టి కాడ, 20 అంగుళాలైతే పొడుగు కాడ సరిపోతుంది. మన రేవుల్లో ఫ్యాను అని పిలిచే ప్రొపెల్లర్‌కు పైనున్న అడ్డరేకు పడవ అడుగుకు ఇంచుమించు ఒక అంగుళం కిందుగా ఉండాలి. ఫ్యాను మరీ పైకుంటే గాలి పట్టి ఊరికే తిరుగుతుంది, మరీ దిగితే బురద తవ్వుతుంది. గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంజనును ఆపే తాడును మణికట్టుకు తగిలించుకున్నాకే స్టార్ట్ చేయాలి. మోటారు పక్కనుంచి సన్నని నీటిధార రాకపోతే, చల్లబరిచే నీరు అందడం లేదని గ్రహించి వెంటనే ఆపేయండి.

అసలు నేర్పు తెడ్ల వద్దనే ఉంది. నీటితో సమాన వేగంతో కొట్టుకుపోయే పడవ చుక్కానికి లొంగదు. మోటారుతో నీటికంటే వేగంగా వెళితే పడవ చెప్పినట్టు వింటుంది గానీ, ఎదుటి వలకర్ర కూడా అంతే వేగంగా మీదికొస్తుంది. తెడ్లు వేసేవారు దిగువకు ముఖం పెట్టి కూర్చుని, అడ్డువచ్చిన దానివైపు పడవ ముక్కును ఏటవాలుగా తిప్పి, తెడ్లను తమవైపు బలంగా లాగితే, పడవ నెమ్మదించి పక్కకు జరుగుతుంది. వలల మధ్య మోటారు నడపడం నాకు ఎప్పుడూ నచ్చదు. ఫ్యానుకు వల చుట్టుకుంటే ఇంజను ఆగడంతో పోదు, సాయంత్రం రేవులో పంచాయతీ కూడా తప్పదు.

మోటారు నుంచి తెడ్లకు మారేటప్పుడు, తెడ్లు చేతికి అందాకే ఇంజను ఆపి, దాన్ని నీటిపైకి ఎత్తి గడియ వేయాలి. లోతు మోకాలికి తగ్గితే, అడుగును పొడిచి పడవను నెట్టే గడ మేలు. ఒడ్డు చేరాక మోటారులో కొన్ని నిమిషాలు మంచినీరు పారించకపోతే ఉప్పు లోపలి దారులను తినేస్తుంది.