వానల ముందు లోయర్ ఆర్మ్ బుష్: చక్రం వేలాడుతుండగా ఆ బోల్టు బిగించకండి

పది రోజుల కిందట సుంకి ఘాట్‌లో సాలూరు వైపు దిగుతున్న ఒక కారు, మలుపులో బ్రేకు తొక్కగానే ఎడమకు లాగేసి పిట్టగోడను రాసుకుంటూ వెళ్లి ఆగింది. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు, వాళ్ల అమ్మమ్మ. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. అక్కడ పిట్టగోడ ఉంది కాబట్టి సరిపోయింది. ఆ రోడ్డులో గోడ లేని చోట్లు ఎన్నున్నాయో కోరాపుట్ నుంచి విజయనగరం తిరిగే వాళ్లందరికీ తెలుసు.

మర్నాడు బండిని సెమిలిగూడలో మా షెడ్డుకు తెచ్చారు. ముందు చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే ఎడమ లోయర్ ఆర్మ్ విప్పి చూస్తే, అది బండికి తగులుకునే చోట రబ్బరుతో ఉండే ముందు బుష్ పోయింది. రబ్బరు పాతబడి పోయిందా అంటే, దాని మీద కంపెనీ వేసిన తెల్లరంగు గుర్తు ఇంకా చెరగనే లేదు. ఓనరుని అడిగితే సంక్రాంతికి ముందే కొత్తవి వేయించామన్నారు. అయిదు నెలలు కూడా నిండలేదు. మధ్యలో ఉండే ఇనుప గొట్టాన్ని బొటనవేలితో నెడితే వదులు పన్నులా ఆడుతోంది. గొట్టానికి అంటుకుని ఒక రబ్బరు ముక్క మిగిలింది. ఆర్మ్‌ని బండికి పట్టే బ్రాకెట్ మీద గొట్టం పళ్లు దిగిన ముద్ర ఉంటే, గొట్టాన్ని ఆ ముద్రలోనే కూర్చోబెట్టాను. చిరిగిన రబ్బరు అంచులు రెండూ కలిసేదాకా ఆర్మ్‌ని మెల్లగా తిప్పాను. అంచులు కలిసేసరికి ఆర్మ్ నేల వైపు వేలాడుతూ నిలబడింది.

అంటే బండి జాకీ మీద ఉండగా, చక్రం గాల్లో వేలాడుతుండగా, ఆ బోల్టు పూర్తిగా బిగించేశారు. ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. కొత్త బుష్‌లు నెలల్లోనే చచ్చిపోయి నా దగ్గరికి వచ్చిన బండ్లలో ఎక్కువ శాతం ఈ ఒక్క తప్పు వల్లే వచ్చాయి. జూన్ వస్తోంది. రథయాత్రకు కోరాపుట్ వచ్చే బండ్లు, దేవమాలి కొండ చూడటానికి వచ్చే బండ్లు, వైజాగ్ ఆసుపత్రులకు దిగే బండ్లు అన్నీ తడి రోడ్డు మీదే నడవాలి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. పానా పట్టడం, చక్రం విప్పడం లాంటివి చెప్పను, అవి మీకు వచ్చు.

బుష్ ఎలా పని చేస్తుందో ఒక్కసారి చూడండి. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఒక ఇనుప గొట్టం, రెంటి మధ్య రబ్బరు. ఆ రబ్బరు రెండు గొట్టాలకూ అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగించామంటే లోపలి గొట్టం బ్రాకెట్‌కి పట్టేస్తుంది, ఇక తిరగదు. గోతిలో చక్రం దిగి లేచినప్పుడు తిరిగేది ఆర్మ్, మెలితిరిగేది రబ్బరు. బేరింగ్‌లా జారదు. పిల్లలు ఆటల్లో ఒకరి మణికట్టు పట్టుకుని చర్మం మెలిపెడతారే, అదే పని ఆ రబ్బరు ప్రతి గోతికీ చేస్తుంది, మళ్లీ వదిలేస్తుంది. బండి మామూలుగా నిలబడి ఉన్నప్పుడు ఆ మెలి సున్నా ఉండాలి. అప్పుడే పైకి కొంత, కిందికి కొంత సాగే వీలుంటుంది.

చక్రం వేలాడుతుండగా బిగిస్తే ఆ సున్నా కిందనే పడిపోతుంది. బండిని నేల మీదకు దించగానే రబ్బరు మెలిపడుతుంది. ఇక రాత్రంతా ఇంటి ముందు ఆగి ఉన్నా మెలిలోనే ఉంటుంది. దాని మీద మళ్లీ గోతులు, మళ్లీ బ్రేకులు. కొత్త రబ్బరైనా ఎన్నాళ్లు ఆగుతుంది? మొదట్లో ఓనరుకి బండి గట్టిగా, కాస్త ఎత్తుగా అనిపిస్తుంది. కొత్త బుష్ కదా అని సంతోషపడతాడు కూడా. ఆ గట్టిదనం మెలిపడిన రబ్బరుది. బుష్ మార్చాక బండి మునుపటికన్నా ఎత్తుగా కనిపిస్తే ఆ రోజే వెనక్కి తీసుకెళ్లి బోల్టులు వదులు చేయించి, బండి నేల మీద ఉండగా మళ్లీ బిగించమనండి.

పోయింది బుష్‌యేనా అన్నది ముందు తేల్చుకోవాలి. నెమ్మదిగా స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు ముందు నుంచి డబ్ డబ్‌మని మొద్దు చప్పుడు, బ్రేకు తొక్కితే ఒక పక్కకు లాగడం, రివర్స్ నుంచి ఫస్ట్ గేరుకి మార్చి కదిలించగానే టక్‌మని ఒక దెబ్బ, టైరు లోపలి అంచు మాత్రమే అరిగిపోవడం, ఇవన్నీ బుష్ వైపు చూపిస్తాయి. కానీ చిన్న గుంతల వరస మీద సన్నగా కటకటమంటే ముందు లింక్ రాడ్ అనే సన్నటి కడ్డీ చూడండి, అది చౌక. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట ఉంటే ఆర్మ్ చివర చక్రం వైపు ఉండే బాల్ జాయింట్ కావచ్చు, వీల్ బేరింగ్ కావచ్చు. రెండు పక్కలా పట్టుకుని ఊపితే ఆట ఉంటే స్టీరింగ్ నుంచి చక్రానికి వచ్చే కడ్డీ కొస, టై రాడ్ ఎండ్. బ్రేకుకి లాగడం, ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే కాలిపర్ పట్టేసినా వస్తుంది, కాబట్టి కొంత దూరం నడిపాక రెండు చక్రాల వేడి కూడా పోల్చి చూడండి, డిస్క్‌కి చెయ్యి తగలనివ్వకుండా.

బుష్‌ని కళ్లతో చూడటానికి టార్చిలైటు, చిన్న రాడ్డు చాలు. రాడ్డుని ఆర్మ్‌కీ బ్రాకెట్‌కీ మధ్య పెట్టి మెల్లగా ఎత్తండి. రబ్బరు కాస్త సాగి మళ్లీ చోటుకి వస్తే మంచిదే. గొట్టం ఒక పక్కకి జారిపోతే, రబ్బరుకీ ఇనుముకీ మధ్య సందు తెరుచుకుంటే పోయినట్టే. పైపైన వెంట్రుకంత సన్నటి పగుళ్లు కనిపించగానే భయపడి మార్చేయకండి. ఇంకో మాట. చాలా బుష్‌లలో కంపెనీయే అర్ధచంద్రాకారంలో ఖాళీలు వదులుతుంది. ఆ ఖాళీ అంచు నున్నగా ఉంటుంది, చిరుగు అంచు గరుకుగా ఉంటుంది. నున్నటి ఖాళీని చూపించి రబ్బరు చిరిగిపోయింది సార్ అంటే, ఓపిగ్గా వేలుపెట్టి తడిమి చూడండి. కొన్ని బండ్లలో వెనక బుష్ లోపల ద్రవం ఉంటుంది. దాని కింద నల్లగా జిడ్డు కారి ఉంటే అది అయిపోయింది.

ఇక అసలు పనికొచ్చేది టేపు. బండిని జాకీ మీదకి ఎత్తకముందే, సమతలంగా ఉన్న నేల మీద, చక్రం నడిబొడ్డు నుంచి పైన మడ్‌గార్డ్ అంచు వరకు కొలవండి. రెండు పక్కలా కొలిచి, సుద్దముక్కతో ఆ అంకె మడ్‌గార్డ్ మీదే రాసేయండి. నేను అలాగే చేస్తాను, వానలో పని చేస్తే మాస్కింగ్ టేపు అంటించి దాని మీద రాస్తాను. బుష్ వేశాక బోల్టులు చేత్తో పట్టేంత వరకే తిప్పి వదిలేయండి. చక్రం వేసి, బండి దించి, ముందుకి వెనక్కి నాలుగడుగులు నెట్టండి. బానెట్ మీద రెండు మూడు సార్లు బరువేసి ఊపండి. దించగానే టైర్లు లోపలికి లాగిపెట్టి ఉంటాయి, కాస్త దొర్లితేనే ఆర్మ్ తన చోటుకి వస్తుంది. అప్పుడు ర్యాంపు మీదకో, గొయ్యి ఉన్న చోటికో తీసుకెళ్లి, నాలుగు చక్రాల మీద బరువు ఉండగా టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బిగిందో కొలిచే పానాతో, బిగించండి. ర్యాంపు లేకపోతే బండిని స్టాండు (జాకీతో ఎత్తాక బండి కింద పెట్టే ఇనుప కాలు) మీదే ఉంచి, ఆర్మ్ చివర బాల్ జాయింట్ కింద రెండో జాకీ పెట్టి, సుద్దతో రాసిన అంకె వచ్చేదాకా ఎత్తి బిగించండి. ఎంత బిగించాలన్నది మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకె. పక్క బండి అంకె మీ బండికి పనికిరాదు.

బుష్ ఒక్కటే కాకుండా ఆర్మ్ మొత్తం కొత్తది వేయించినా ఇదే లెక్క. అసెంబ్లీ వేశాం కదా, దీనికి అవసరం లేదని ఒక కుర్రాడు నాతో వాదించాడు. ఆ కొత్త ఆర్మ్‌లోనూ ఉన్నది రబ్బరే కదా!

పని మీరే చేసుకున్నా, షెడ్డులో దగ్గరుండి చేయించుకున్నా:

జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కిందకి దూరకండి. తలే కాదు, చెయ్యి కూడా పెట్టకండి.

స్టాండు మట్టి మీద పెట్టకండి. మన దగ్గర ఎర్రమట్టి ఒక్క జల్లుకే మెత్తబడుతుంది. కాంక్రీటు మీదే.

స్టాండు బదులు ఇటుకలు, సిమెంటు దిమ్మలు వద్దు. చెప్పకుండా పగులుతాయి.

వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్కలు. హ్యాండ్‌బ్రేకు, గేరు రెండూ.

పాత రబ్బరుని గ్యాస్ మంటతో కాల్చి తీయకండి. ఆ పొగ ఊపిరితిత్తులకి విషం, ఆ వేడి ఆర్మ్ ఇనుము బలాన్ని తినేస్తుంది. అల్యూమినియం ఆర్మ్ అయితే ఇక చెప్పనక్కర్లేదు.

కొత్త బుష్‌ని ప్రెస్‌తో ఎక్కించేటప్పుడు బయటి గొట్టం అంచు మీదే ఒత్తిడి పడాలి. లోపలి గొట్టం మీద సుత్తితో కొడితే రబ్బరు ఆ షెడ్డులోనే చిరుగుతుంది.

ఇంజన్ ఆయిల్ వద్దు, మామూలు గ్రీజు వద్దు. రబ్బరు ఉబ్బిపోతుంది. సబ్బునీళ్లు చాలు.

ఖాళీలున్న బుష్ అయితే పాతది ఏ దిక్కున ఉందో తీయకముందే గుర్తు పెట్టండి, ఫోటో తీయండి. దిక్కు మారితే కొత్తదైనా దండగ.

ఎడమది పోతే కుడిది కూడా మార్చండి.

లాక్ నట్లు కొత్తవే వేయండి. పాతవి పట్టు వదులుతాయి.

బోల్టు తుప్పుపట్టి గొట్టంలో ఇరుక్కుంటే వంచి లాగకండి. ముందు రోజే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి.

దెబ్బలు కొడుతూ నట్టు తిప్పే ఇంపాక్ట్ గన్‌తో ఫైనల్ బిగింపు ఒప్పుకోకండి.

పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. అది చేయించకుండా ఘాట్ దిగకండి.

కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్లీ చూడండి.

షెడ్డులో దించి వచ్చేయకండి. బోల్టు చివరి బిగింపు వేసే టైముకి అక్కడే నిలబడండి. చక్రం గాల్లో ఉంటే ఆపండి. మెకానిక్ నొచ్చుకుంటాడని మొహమాటపడకండి. నా షెడ్డులోనైనా సరే, ఆపి అడగండి: "బండి కిందకి దించావా బాబూ? ఇప్పుడు బిగించు."