ఉప్పుగాలిలో పాత ట్రెడిల్

విశాఖ వన్ టౌన్‌లోనో, పూర్ణా మార్కెట్ వైపో ఎవరైనా పాత ప్రెస్సు మూసేస్తూ ట్రెడిల్ మిషన్ (కాలితో తొక్కి నడిపే అచ్చు యంత్రం) అమ్ముతుంటే, బేరానికి ముందు పెద్ద చక్రాన్ని చేత్తో నెమ్మదిగా పూర్తి చుట్టు తిప్పి చూడండి. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయొద్దు. కీళ్లలో కిరోసిన్, మిషన్ ఆయిల్ కలిపి పోసి రెండ్రోజులు వదిలేయండి. సుత్తితో కొడితే పోత ఇనుము వంగదు, పగులుతుంది.

విశాఖలో అసలు టెన్షన్ తుప్పుతోనే. పైపైన ఉంటే ఆయిల్ రాసి సన్నటి ఇనుప పీచుతో రుద్దితే చాలు. టైపు (సీసం అచ్చు అక్షరాలు) కూర్చునే బెడ్డునీ, కాగితం ఒత్తుకునే పలకనీ మాత్రం గ్రైండర్‌తో ముట్టుకోకండి. ఇంగ్లిష్ టైపు ఎత్తు 0.918 అంగుళాలు. ఆ లెక్కలో పనిచేసే మిషన్‌కి వెంట్రుకవాసి తేడా వచ్చినా అచ్చు ఒక మూల నల్లగా, ఇంకో మూల వెలిసిపోయినట్టు పడుతుంది.

పని లేనప్పుడు రోలర్లు తీసి విడిగా పెట్టండి. ఇంకు పళ్లెం మీదే వదిలేస్తే ఒకవైపు చదునైపోతాయి.

అలంకారంలా ఉందని ఏ ముక్కనీ ఊడదీయకండి. 1813 ప్రాంతంలో ఫిలడెల్ఫియాలో జార్జ్ క్లైమర్ తయారుచేసిన కొలంబియన్ చేతి ప్రెస్సు నెత్తిన ఇనుప గద్ద ఉంటుంది. షోకు సంగతి అలా ఉంచితే, అది పలకని తిరిగి పైకి లేపే బరువు!

సీసం అక్షరాల మీద తెల్లపొడి కనిపిస్తే ఊదొద్దు, దులపొద్దు. అది విషం. తడిగుడ్డతో తుడిచి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టీ తాగండి.