గ్రీజు గన్ పట్టుకునే ముందు

ఇంట్లో కట్టుకున్న మిల్లింగ్ మెషీన్‌కి కొత్త లీనియర్ గైడ్లు (మెషీన్ భాగాలు జారే పట్టాలు, వాటి మీది బ్లాకులు), బాల్ స్క్రూలు (ఆ భాగాల్ని నడిపే మరలు) జిడ్డుగా వస్తాయి. ఆ జిడ్డు చాలాసార్లు తుప్పు పట్టకుండా పూసిన నూనే. గ్రీజు ఉందిలే అనుకుని నడిపేయకండి.

• మెయిన్ ఆపి ప్లగ్ పీకేయండి. కరెంటు పోతే జెడ్ యాక్సిస్ (పైకీ కిందకీ కదిలే భాగం) సొంత బరువుకే జారొచ్చు. ముందే స్పిండిల్ హెడ్ (కట్టర్‌ని తిప్పే తల) కింద చెక్క దిమ్మ పెట్టాలి.

• విశాఖలో అసలు తలనొప్పి ఉప్పుగాలి. బీచ్ రోడ్డు దగ్గరి షెడ్డులో వారం ముట్టుకోకపోతే చాలు, పట్టాల మీద ఎర్ర చుక్కలు. నూనె గుడ్డతో రుద్ది, గోరుతో గీసి చూడండి. మరక పోతే సరే. గుంట తగిలితే గ్రీజు దాన్ని బాగుచేయదు, పట్టా మార్చాల్సిందే.

• చిప్స్‌ని (కోతలో రాలిన ముక్కల్ని) బ్రష్‌తో, పోగులు రాలని గుడ్డతో తీయండి. ఎయిర్ గన్ వద్దు, చిప్స్ పొడి సీళ్లలోంచి నేరుగా లోపలి బాల్స్ దగ్గరికే పోతుంది.

• పాత గ్రీజు ఏ రకమో తెలుసుకోండి. లిథియం, పాలీయూరియా గ్రీజులు కలిస్తే పలచబడి కారిపోవచ్చు. గ్రాఫైట్ కలిసిన నల్ల గ్రీజు వీటికి పనికిరాదు, షాపువాడు ఎంత చెప్పినా సరే. తయారీదారు వేరే చెప్పకపోతే లిథియం 2వ నంబరు (గ్రీజు గట్టిదనం గ్రేడు) చాలు.

• బాల్ నట్‌ని (బాల్ స్క్రూ మీద నడిచే, లోపల బాల్స్ ఉన్న నట్టుని) స్క్రూ చివర దాటనివ్వకండి. ఒక్కసారి జారిందా, బాల్స్ నేలంతా ఏరుకోవాలి.

• గన్ మెల్లగా నొక్కండి, గట్టిగా కొడితే సీలు ఊడొస్తుంది. ఒక పంపు, బ్లాకుని గానీ నట్టుని గానీ చేత్తో ఈ చివర నుంచి ఆ చివరకి ఒక నడక, మళ్లీ పంపు. పట్టా మీద పలచటి తడి పొర కనిపిస్తే ఆపేయండి.