తడి చెత్త ఇంటి గడప దాటకుండా చేయడం ఎలా?

హైదరాబాద్‌లో మనం స్వచ్ఛ ఆటోకు ఇచ్చే చెత్త చివరికి చేరేది జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు. ఏళ్ల తరబడి అక్కడి గుట్టల్లోంచి కారిన నల్లటి ఊట పక్కనున్న మల్కారం చెరువును పాడుచేసింది. ఆ ఊట చాలావరకు మన వంటింటి తొక్కలు, మిగిలిన అన్నం కుళ్లగా వచ్చిందే. ఇంటి చెత్తలో బరువు ప్రకారం దాదాపు సగం తడిదే. అందుకే ముందు దాని సంగతి చూడాలి.

1. బుట్టలు వేరు చేయండి. 2026 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చెత్తను ఇంట్లోనే వేరుచేయాలి. వాడేసిన బ్యాటరీలు, పాత మందులు నాలుగో బుట్టలోకి. డైపర్లు, ప్యాడ్లు కాగితంలో చుట్టి శానిటరీ చెత్తగా విడిగా ఇవ్వాలి. తడి బుట్టలో ప్లాస్టిక్ కవరు వద్దు, అడుగున దినపత్రిక పరిస్తే చాలు.

2. ఎరువు చేయండి. పాత పెయింటు బకెట్‌ను శుభ్రంగా కడిగి, అడుగునా చుట్టూ చిన్న రంధ్రాలు పెట్టి, కింద పళ్లెం ఉంచండి. అడుగున నాలుగు వేళ్ల మందాన ఎండుటాకులు గానీ కొబ్బరి పొట్టు గానీ వేయండి. రోజూ తొక్కలను చిన్నగా తరిగి వేసి, అంతే పరిమాణంలో ఎండుటాకులు కప్పండి. మొదట్లో గ్లాసు పుల్లమజ్జిగ చల్లితే కుళ్లడం త్వరగా మొదలవుతుంది. మూడు నాలుగు రోజులకోసారి కర్రతో కలపాలి. గుప్పెడు తీసి పిండి చూడండి: చెయ్యి చెమ్మగిల్లాలి తప్ప నీళ్లు కారకూడదు. కారుతున్నా, కంపు కొడుతున్నా ఎండుటాకులు ఇంకాస్త కలపండి. తెల్లటి పురుగులు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, అవీ చెత్తను తినేవే. మాంసం, ఎముకలు, నూనె తేలే కూరలు వేయకండి. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు బకెట్‌లో ఓ పట్టాన కుళ్లవు. బకెట్ నిండాక రెండు నెలలు పక్కన పెట్టి, రెండోది మొదలుపెట్టండి. మట్టి వాసన వస్తే ఎరువు సిద్ధమైనట్టే.

3. పొడి చెత్తను అమ్మండి. పాల ప్యాకెట్ మూల పూర్తిగా తెగకుండా కత్తిరించండి. ఆ చిన్న ముక్కను ఎవరూ ఏరరు, అది నేరుగా కాలువలోకే పోతుంది. ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి, అట్టపెట్టెలతోపాటు పాత సామాన్ల దుకాణంలో వేయండి. మెరిసే చిప్స్ కవర్లను మాత్రం వాళ్లూ తీసుకోరు. వాటిని కొనడం తగ్గించడమే మార్గం.

4. టిఫిన్ సెంటర్‌కు స్టీలు డబ్బా తీసుకెళ్లండి. 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ సంచులను 2022 చివరి నుంచి నిషేధించారు. అయినా సాంబారు కవర్లు ఎక్కడా ఆగలేదు.

5. వీధి మూల సంగతి చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కుప్ప పడుతోందంటే, ముందు అక్కడ పారేస్తున్నది ఎవరో, ఎందుకో తెలుసుకోండి. చాలామంది ఆటో రాకముందే పనికి వెళ్లేవాళ్లు. ‘చెత్త వేయరాదు’ అని బోర్డు పెట్టినా వాళ్ల చేతిలోని సంచి ఎక్కడికి పోవాలి? ఆటో సమయం మార్చమని మీ వీధి పారిశుద్ధ్య పనులు చూసే శానిటరీ జవాన్‌ను అడగండి, కుదరకపోతే వాళ్ల సంచులు తీసుకుని ఆటోకు ఇచ్చే బాధ్యత వాచ్‌మన్‌కు అప్పజెప్పండి. ఆ తర్వాతే మూలను కడిగి ముగ్గు వేయడం, పూలకుండీలు పెట్టడం. రాలిన ఆకులను కాల్చనివ్వకండి, గోనెసంచిలో నింపి మీ బకెట్ పక్కనే పెట్టుకోండి.